వాండె పంటిలో పాదరసం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ శనక్కాయలు ఒలవడం ఆపనక్కర్లేదు, చేతులకు పనుంటే చెవులు ఇంకా బాగా వింటాయి. వాండె సంగతి చెబుతాను. మా గని గుట్ట మీద రేకుల ఇళ్ళ వరస ఉందే, అందులో విరిగిన తలుపు ఇల్లు ఆవిడది. మనిషి నిక్షేపంలా ఉంది. ఈ కథ తనే అందరికీ చెప్పుకుని తిరుగుతుంది. కాకపోతే సగంలోకి వచ్చేసరికి తన తెలివికి తనకే నవ్వొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వదిలేస్తుంది. మిగతా సగం చెప్పే పని నాకు పడుతోంది. అందుకని ఈసారి మొత్తం నేనే చెబుతాను.

మా గెయిటా వైపు చిలగడదుంపను ముక్కలు కోసి ఎండబెడతాం. ఎండాక అవి రాయితో సమానం. ఉడకబెట్టుకుని తినాలని పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. వాండెకు ఆకలేస్తే మాత్రం అంత ఓపిక ఉండదు. కుంపటి మీద నీళ్ళు కాగుతుంటే ఒక ముక్క తీసి కొరికింది. ముక్క విరగలేదు, దవడ పన్ను విరిగింది. లవంగం పెట్టింది, పొగాకు పెట్టింది, పక్కింటివాళ్ళు చెప్పిన ఆకుపసర్లన్నీ పోసింది. ఆఖరికి బుగ్గ బూరెలా పొంగాక పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన పన్ను పీకకుండా, పుచ్చినంత మేర తొలిచి, గుంతలో వెండిరంగు సిమెంటు నింపి పంపాడు.

అది మొదలు వాండెను పట్టలేకపోయాం. చిన్న మాటకు కూడా నోరంతా తెరిచి నవ్వేది. చావింటికి వెళ్ళినా ఆవలించేది. ఇదేం పద్ధతి తల్లీ అని ఎవరన్నా అంటే ఏమాత్రం దాచుకోకుండా, “ముందు పన్నయితే పెదవి కదిపితే కనబడుతుంది. నాది దవడ పన్నాయె. ఆవలిస్తే తప్ప ఎవరికీ కనబడదు. నా బాధ నాది” అనేది.

ఇక ఆవిడ పని. మా ఆడవాళ్ళమంతా మరపట్టిన రాతిపొడిని బేసిన్లలో కడుగుతాం. కడిగిన మట్టిలో పాదరసం పోసి చేత్తో కలియబెడితే, కంటికి కనిపించని బంగారమంతా దాన్ని పట్టుకుంటుంది. దాన్ని గుడ్డలో వేసి పిండితే తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను పెనం మీద పెట్టి కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆ కాల్చే పని వరస మొత్తానికీ వాండెది. చేతివాటం లేని మనిషని ఆవిడకు అప్పజెప్పాం. బయట కాలిస్తే దారినపోయే ప్రతివాడి కన్నూ దాని మీదే ఉంటుంది, పైగా గాలికి కుంపటి నిలవదు. అందుకని తన వంటింట్లోనే, తలుపు వేసుకుని, పాత రొట్టె పెనం మీద కాల్చేది. తెల్లటి ముద్ద నెమ్మదిగా పసుపు తిరుగుతుంటే చూడడం ఆవిడకు మహా ఇష్టం. ఆరాక దాన్ని పంటితో కొరికి చూసి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టేది.

వాండెకు ఒక్కతే కూతురు, లిమి. మైదానం వైపు పత్తి పండించే ఇంటికి ఇచ్చింది. ఆ పిల్లకు తొలికాన్పు. ఎక్కడ జరగాలన్న దాని మీద వాండెకూ వియ్యపురాలు హోలోకూ పెద్ద పేచీ అయింది. హోలో మంచి మనిషే, కానీ మాట కత్తెర. గని గుట్ట మీద దుమ్మూ ధూళీ తప్ప ఏముంది, పిల్లను ఇక్కడే ఉంచండి అంది. వాండెకు ఒళ్ళు మండింది. తన చేతులతో మంత్రసాని పని చేయకపోయినా, బిడ్డ భూమ్మీద పడగానే మొదట ఎత్తుకునేది తనేనని గుట్టంతా చాటింది. వానలు మొదలయ్యేసరికి కూతుర్ని తీసుకొచ్చేసింది. కొత్త దుప్పట్లు కొంది. కింద పరిచే చాప కొంది. గాలి తగలకుండా వంటింటి పక్కనే, వెచ్చగా ఉంటుందని, కూతురికి పడక వేసింది.

అంతా సవ్యంగానే ఉంది, రేడియో నోరు విప్పేదాకా.

పిండిమర దగ్గర మేము గిన్నెలు వరసలో పెట్టి కూర్చున్నాం. మరవాడి రేడియోలో ఒకావిడ ఆరోగ్యం మాటలు చెబుతోంది. పాదరసం ఒంటికి చేటు, నరాలను పాడుచేస్తుంది, కడుపులో బిడ్డకు మరీ ప్రమాదం, గనుల్లో వాడేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి అంది. మాలో ఒక్కరం తల ఎత్తితే ఒట్టు. ఆ మాట విని విని మా చెవులకు కాయలు కాశాయి. వాండె అయితే తోటకూర గిల్లుకుంటూ కూర్చుంది. తరవాత ఆ రేడియో ఆవిడ, పళ్ళ గుంతల్లో నింపే వెండిరంగు సిమెంటులో కూడా సగం పాదరసమే ఉంటుంది, అందుకే చాలా దేశాలవాళ్ళు దాన్ని మానుకుంటున్నారు, గర్భిణులకూ చిన్నపిల్లలకూ పెట్టవద్దంటున్నారు అంది. ఇంకా ఏదో చెప్పబోతుంటే మరవాడు మర తిప్పాడు. మిగతాది ఆ మోతలో కలిసిపోయింది.

వరసలో ఉన్న తలలన్నీ వాండె నోటి వైపు తిరిగాయి. వాండె నోరు మూసుకుంది. ఆవిడ నోరు అంత గట్టిగా మూసుకుని ఉండగా చూడడం నాకదే మొదలు.

పక్కింటి మిలెంబెకు ఇలాంటి సమయాల్లో ఎక్కడలేని తెలివీ వస్తుంది. “వదినా, గర్భిణి నోట్లో పెట్టకూడదంటే, నోట్లో పెట్టుకున్నవాళ్ళు గర్భిణి పక్కన ఉండొచ్చంటావా?” అంది.

ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి ఉండకూడదనే తేల్చేశాం. మా గుట్ట మీద పంచాయితీలు అలాగే తేలతాయి. మిలెంబె అంతటితో ఊరుకుందా, లేదు. పాదరసం బంగారాన్ని మింగుతుంది కదా, మరి ఇన్నాళ్ళూ మన బంగారాన్ని ఆ పంటితోనే కదా కొరికి చూసింది, ఎవరెవరిది ఎంత తరిగిందో అని నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నదే మనిషికి ఎక్కువ గుచ్చుకుంటుంది కదా.

వాండె ఇంటికొచ్చి తలుపు దగ్గర కూలబడింది. పాదరసం గురించి ఎవరో చెప్పాల్సిన ఖర్మ తనకు లేదు. దాని గుణమంతా తన అరచేతిలో ఉంది. వేడి తగిలితే ఎగిరిపోతుంది. అంటే వేడివేడి టీ తాగినప్పుడల్లా తన పంటిలోంచి పాదరసం పొగై నోట్లోంచి వచ్చి, ఎదురుగా కూర్చున్న పిల్ల ముక్కులోకి పోతోందన్నమాట. ఆ లెక్క తట్టేసరికి భయమేసింది. తన అంత పెద్ద శాస్త్రవేత్త ఆ చుట్టుపక్కల లేదని కూడా ఒక మూల అనిపించిందట. ఈ ముక్క తనే చెప్పింది.

ఆ పూట నుంచి వేడి మానేసింది. టీ చల్లారబెట్టి తాగింది. జొన్న ముద్ద రాయిలా బిగుసుకున్నాక తింది. చేపల పులుసు పైన నూనె పేరుకున్నాక నోట్లో పోసుకుంది. కూతురితో మాట్లాడాల్సి వస్తే పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, మొహం గోడ వైపు తిప్పి మాట్లాడేది. ఇదేంటమ్మా, నేనేం తప్పు చేశానని లిమి ఏడుపుమొహం పెట్టింది. వాండె గోడకే చెప్పింది సమాధానం.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, పిండిన ముద్దలు కాల్చడానికి వచ్చాయి. వాండె ఎప్పటిలాగే వంటింటి తలుపు వేసి, కుంపటి రాజేసి, పెనం పెట్టింది. తన పక్కనే పీట మీద లిమి కూర్చుని చిక్కుడుగింజలు ఏరుతోంది. ముద్ద పెనం మీద చిటపటలాడింది, తెల్లదనం కరిగి సన్నటి ఆవిరై పైకి లేచింది, రేకు కప్పుకు తగిలి ఇల్లంతా పరుచుకుంది. వాండె మాత్రం పైగుడ్డతో నోరు కప్పుకునే ఉంది. ఎందుకనుకున్నారు? తన పంటిలోది కూతురికి తగలకూడదని.

నవ్వకండి. ఆ వంటింట్లో ఎన్ని మధ్యాహ్నాలు నేనూ కూర్చుని ఉంటాను. మాలో ఎవరికీ తట్టలేదు.

ముద్ద కాలి, బంగారం ఆరింది. కొరికి చూడబోయి వాండె ఆగింది. మిలెంబె మాట గుర్తొచ్చింది. నిజంగా పన్ను బంగారాన్ని మింగుతుందో లేదో తేల్చేద్దామనుకుంది. తన మెడలో దారానికి గుచ్చుకున్న బంగారు పూస ఒకటి ఉండేది. అది తనదే, మింగినా ఎవరూ అడగరు. దాన్ని నోట్లోకి పోనిచ్చి, ఆ పంటికి ఆనించి, నెమ్మదిగా నొక్కింది.

నాలుక నుంచి నడినెత్తి దాకా ఝల్లుమంది. కరెంటు తీగ పట్టుకున్నట్టయింది. పూసను ఉమ్మేసి, దవడ పట్టుకుని, పెనాన్ని తన్ని, గోడకు జారగిలబడిపోయింది. లిమి బెదిరిపోయి నీళ్ళు తెచ్చింది. పూసను తీసి చూస్తే ఎలా ఉన్నది అలాగే ఉంది, ఒక్క రవ్వ తరగలేదు. అయినా వాండెకు ఇక అనుమానం మిగల్లేదు. పంటిలో ఉన్నది ప్రాణమున్న పురుగులాంటిదేనని, బంగారం వాసన తగలగానే లేచిందని ఖాయం చేసుకుంది.

సంగతంతా అప్పుడు చెప్పింది లిమికి. ఆ పిల్ల అసలే భయస్తురాలు. మొగుడు లుహెండెకు ఫోన్ చేసి ఏడ్చింది. వాడు వాళ్ళమ్మకిచ్చాడు. హోలో గొంతు ఫోనులోంచి వాకిట్లో ఉన్న నాకు కూడా వినబడింది.

“వదినగారూ, పిల్లను మా ఇంటికి పంపించెయ్యండి. మా నోళ్ళలో ఏ లోహమూ లేదు. లోహం పెట్టించుకోడానికి నాకు పళ్ళే లేవు, ఇంకేం భయం?”

వాండెకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి తెచ్చుకున్న పిల్లను వెనక్కి పంపడమంటే గుట్ట మీద ఇక తలెత్తుకోలేదు. అంతకన్నా, ఆ బిడ్డను ఎత్తుకునే మొదటి చేతులు తనవి కావేమోనన్న ఆలోచనే ఆవిడ తట్టుకోలేకపోయింది. నాలుగు రోజులు ఆగు తల్లీ, పంటిని పీకించేసుకుంటాను, ఆ తరవాత ఇక ఏ భయమూ ఉండదు అని కూతుర్ని బతిమాలింది. లిమి సరేనంది. కాకపోతే తనూ వస్తానంది. పన్ను పోయిందని తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మదట.

పట్నం బస్సులో వాండె కూతురి పక్కన కూర్చోలేదు. అందరికన్నా ముందు, డ్రైవరు వెనక నోరు కప్పుకుని కూర్చుంది. ఎవరికైనా పాదరసం తగలాలంటే బస్సు నడిపేవాడికే తగలనీ అనుకుందో ఏమో.

సిమెంటు నింపిన ఆ పళ్ళ డాక్టరు పేరు కముగీషా. బుకోబా అరటితోటల వైపు కుర్రాడు, అరటికాయ తిని పెరిగినవాళ్ళలా నెమ్మదిగా మాట్లాడతాడు. అప్పటికి పొద్దుటినుంచి ఎన్ని పళ్ళు పీకాడో, మొహం వాడిపోయి ఉంది. వాండెను కుర్చీలో పడుకోబెట్టి లైటు వేసి చూశాడు. పన్ను లక్షణంగా ఉంది, ఎందుకు పీకమంటున్నారని అడిగాడు.

వాండె మొదలుపెట్టింది. రేడియో చెప్పింది, మిలెంబె చెప్పింది, పూస ఝల్లుమన్న సంగతి చెప్పింది. డాక్టరు నవ్వు ఆపుకోడానికి మొహం తిప్పుకుని పనిముట్లు సర్దాడు. తరవాత స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“అబద్ధం చెప్పను పెద్దమ్మా. అందులో సగం పాదరసమే. కానీ వెండి, తగరం, రాగితో కలిసి గట్టిపడిపోయింది. నమిలినప్పుడు ఇసుమంత ఆవిరి వస్తుంది, మీలాంటివాళ్ళకు దానివల్ల హాని జరుగుతుందని ఇంతవరకూ తేలలేదు. మీ పంటిలోది మీ అమ్మాయికి అసలే తగలదు.”

మరి మానుకోమంటున్నారెందుకని వాండె పట్టు వదల్లేదు. లేతవాళ్ళ విషయంలో ముందు జాగ్రత్త మంచిదని, ఆ పాదరసమంతా చివరికి మట్టిలోకీ నీళ్ళలోకీ పోతుందని, తను కూడా గర్భిణులకూ పిల్లలకూ ఇప్పుడు తెల్ల సిమెంటే వాడుతున్నానని చెప్పాడు. ఉన్నదాన్ని తియ్యడం మాత్రం తప్పట. తొలిస్తే, ఊరికే ఉంచినప్పటికన్నా ఎక్కువ ఆవిరి లేస్తుందట. పీకితే మంచి పన్ను పోతుంది. పూస సంగతి కూడా చెప్పాడు. రెండు వేరువేరు లోహాలు ఉమ్మిలో తడిసి ఒకదానికొకటి తగిలితే టార్చిలైటు బ్యాటరీలా చిన్న కరెంటు పుడుతుందట, అంతే. పురుగూ లేదు, గిరుగూ లేదు.

ఇంతవరకూ విన్న వాండెకు ఒంట్లోకి బలం వచ్చింది. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. పాదరసం గురించి ఈ కుర్రాడికి తనకన్నా ఎక్కువేం తెలుసు?

“బాబూ, వేడి తగిలితే అది ఎగురుతుంది కదా. నేను వేడివేడి టీ తాగుతానే.”

టీ వేడికి ఏమంత కాదన్నాడు డాక్టరు. వాండె ఒప్పుకోలేదు. వేడంటే ఏమిటో తను చెప్పడం మొదలుపెట్టింది. ముద్దను పెనం మీద ఎలా పెట్టాలి, బొగ్గులు ఎంత ఎర్రబడాలి, మొదట ముద్ద ఎలా చిటపటలాడుతుంది, పొగ ఏ రంగులో లేస్తుంది, పక్క గోడ మీద బూడిదరంగు పొర ఎలా కడుతుంది, దాన్ని చీపురుతో ఎలా ఊడ్చేయాలి, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పింది. తన పనితనం గురించి చెప్పుకునే అవకాశం వస్తే ఆవిడకు ఒళ్ళు తెలీదు.

డాక్టరు మొహంలో నవ్వు ఎక్కడ పోయిందో పోయింది.

“ఇది ఎక్కడ కాలుస్తారు పెద్దమ్మా?”

“వంటింట్లో.”

“అప్పుడు వంటింట్లో ఎవరెవరుంటారు?”

వాండె తల తిప్పి చూసింది. గోడ పక్కన బల్ల మీద లిమి కూర్చుని ఉంది, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని. వానలు మొదలైనప్పటి నుంచి ఆ పిల్ల పడక వంటింటి పక్కనే. తనే వేసింది, వెచ్చగా ఉంటుందని.

డాక్టరు గొంతు పెంచలేదు. చేతులు ముందుకు చాపమన్నాడు. వాండె చాపింది. వేళ్ళు వణుకుతున్నాయి. ఈ వణుకు ఎప్పటినుంచని అడిగితే, వయసు మీద పడుతోంది కదా బాబూ అంది. ఆయన కాగితం తీసి పరీక్షలు రాశాడు. పెద్దాసుపత్రిలో తల్లీకూతుళ్ళిద్దరూ మూత్రం పరీక్ష చేయించుకోవాలని, లిమిని గర్భిణుల నర్సుకు ఈ రోజే చూపించాలని, ఆ ఇంటి గోడల్లో కప్పులో కూడా పాదరసం పట్టి ఉంటుంది కాబట్టి పిల్ల ఇక అందులో పడుకోకూడదని చెప్పాడు. పెనం మీద మూత లేకుండా కాలిస్తే, పళ్ళ సిమెంటు జీవితమంతా ఇవ్వగలిగిన దానికన్నా ఒక్క మధ్యాహ్నంలో లోపలికి పోయేదే ఎక్కువన్నాడు.

వాండె కుర్చీలోంచి దిగింది. నోటికి కప్పుకున్న పైగుడ్డ తీసి భుజం మీద వేసుకుంది.

“చూశావా లిమీ, మీ అమ్మ తెలివి. దొంగ పెరట్లోంచి సంచి మోసుకుపోతుంటే, నేను వాకిట్లో కూర్చుని ఈగలు తోలుతున్నాను.”

లిమి నవ్వలేదు. తల్లి చెయ్యి పట్టుకుంది, అంతే. వాండెకు ఆ చెయ్యి పట్టుకోవడం కన్నా తిట్టి ఉంటేనే బాగుండుననిపించింది.

నర్సు లిమిని చూసింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, కదలికలు బాగానే ఉన్నాయి, కానీ గట్టిగా ఏ మాటా చెప్పలేం, కనిపెట్టుకుని ఉండాలి అంది. ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. ఒక పక్క గుట్టకు పోయే బస్సు నిలబడి ఉంది, రెండో పక్క మైదానానికి పోయేది. గుట్ట బస్సు కుర్రాడు వాండెను ఎరుగును, రా పిన్నీ చోటుంది అని పిలిచాడు. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఎవరింట్లో ఉంచాలి పిల్లను? మిలెంబె ఇంట్లోనా? ఆవిడ మొగుడు మంచం కిందే పాదరసం సీసా పెట్టుకుంటాడు. నా ఇంట్లోనా? నా ఇల్లు కూడా ఆ వరసలోదే. గుట్ట మీద అటు చూసినా ఇటు చూసినా, ఆ పొగ తగలని కప్పు ఒక్కటి లేదు.

లోహం లేని ఇల్లు ఒక్క హోలోదే.

వాండె మైదానం బస్సు ఎక్కింది. కూతురి పక్కనే కూర్చుంది, నోరు కప్పుకోకుండా. దారి పొడుగునా హోలోకు ఏం చెప్పాలో అల్లుకుంటూ పోయింది. గుట్ట మీద వానలెక్కువయ్యాయని చెబుదామా, రేకు ఎగిరిపోయిందని చెబుదామా, దేవుడు కలలో చెప్పాడందామా అని. ఏదీ తిన్నగా నిలబడలేదు. కట్టుబట్టలతో, చేతిలో ఒక పండు కూడా లేకుండా వియ్యాలవారి వాకిట్లో దిగింది.

హోలో చాపల మీద పత్తి ఆరబోస్తోంది. తలెత్తి చూసి, “పన్ను పీకించుకున్నారా వదినగారూ?” అంది.

వాండె అల్లుకున్న అబద్ధాలన్నీ ఎక్కడివక్కడే జారిపోయాయి. పత్తి పక్కనే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆవలింతల దగ్గర మొదలుపెట్టి, చల్లటి టీ, పూస, పెనం, చాపిన చేతులు, ఏదీ దాచలేదు. హోలో పూస దగ్గర పడీపడీ నవ్వింది. పెనం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసి, కోడలి పడక ఎక్కడ వెయ్యాలో చూసుకోడానికి లేచి లోపలికి వెళ్ళింది. దెప్పడానికి ఆవిడ దగ్గర అంత సరుకుండి కూడా ఆ రోజు ఒక్క మాట అనలేదు. తరవాత అందనుకోండి, ఇప్పటికీ అంటూనే ఉంది.

వాండె గుట్టకు ఒక్కతే తిరిగొచ్చింది. పెనాన్ని వంటింట్లోంచి తీసింది. వరసలో అందర్నీ పిలిచి, ఇకమీదట ఇళ్ళలో కాల్చనని చెప్పింది. గుట్టకు అవతల, ఇళ్ళు లేని వైపు, గాలి దూరంగా పోయే చోట, డాక్టరు చెప్పినట్టు మూతా గొట్టమూ ఉన్న ఇనప డబ్బాలో మాత్రమే కాలుస్తానంది. ఆ గొట్టాన్ని తడిగుడ్డతో చల్లబరిచి, కొసను నీళ్ళకు కాస్త పైన ఉంచితే ఆవిరి మళ్ళీ పాదరసమై నీళ్ళలో పడుతుంది. మిలెంబె ముక్కు మీద వేలేసుకుంది. పంటి సిమెంటు మెదడుకెక్కిందంది. మూత వేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు, నమ్మకం ఎలా అంది. ఆవిడతో పాటు ఇంకొందరు తమ ముద్దలు తామే కాల్చుకోవడం మొదలుపెట్టారు, తమ తమ వంటిళ్ళలోనే. వరస మొత్తానికీ పెనం పట్టిన మనిషి కదా, ఆవిడకు ఆ పెద్దరికం అలా తగ్గింది. నాలాంటివాళ్ళం కొందరం మాత్రం బేసిన్లు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కి అవతలికి పోతున్నాం. మోకాళ్ళు పట్టేస్తాయి. అదీ నిజమే.

పరీక్షలో వాండె ఒంట్లో పాదరసం ఎక్కువే ఉందని తేలింది. లిమికి కొంచెం తక్కువ. పొగకు దూరంగా ఉంటే నెమ్మదిగా తగ్గుతుందన్నారు. వాండె వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి.

పత్తి ఏరడం అయిపోతుండగా కబురొచ్చింది. వాండె దొరికిన బస్సు ఎక్కి, దిగి, మోటారు సైకిలు మీద మట్టిదారిలో పోయి, మైదానం వాళ్ళ ఆరోగ్య కేంద్రానికి చేరేసరికి ఆడపిల్ల పుట్టేసింది. బిడ్డ గట్టిగానే ఏడుస్తోంది. నర్సు తుడిచి, చుట్టి, ఎదురుగా ఉన్న మనిషి చేతుల్లో పెట్టింది. ఆ మనిషి హోలో. మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవి.

వాండె గుమ్మంలో ఆగిపోయింది. తరవాత బయట కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు రుద్దుకుంది, కడుక్కుంది, మళ్ళీ రుద్దుకుంది. గోళ్ళ సందులు కూడా పుల్లతో గీకింది. హోలో బిడ్డతో గుమ్మంలోకి వచ్చి చూస్తూ నిలబడింది.

“చాల్లెండి వదినగారూ, తోలు ఊడిపోతుంది. ఇదిగో, పట్టుకోండి. నా చేతులు లాగేస్తున్నాయి.”

హోలో చేతులు లాగుతున్నాయో లేదో మనకు తెలీదు. పత్తి మూటలు మోసిన చేతులవి. వాండె బిడ్డను తీసుకుంది. వణికే వేళ్ళ మీద నమ్మకం లేక గోడకు ఆనుకుని, కింద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల కళ్ళు తెరిచి చూసింది. వాండె అక్కడికక్కడే, ఎవరూ అడక్కుండానే, దానికి తన కథ మొదలుపెట్టింది. పంటి దగ్గర నవ్వొచ్చింది, పెనం దగ్గర ఆగిపోయింది. హోలో పక్కన కూర్చుని మిగతాది చెప్పింది.

అదీ సంగతి. ఆ పిల్ల ఇప్పుడు నడుస్తోంది. పళ్ళొస్తున్నాయి. మాటలు కాస్త ఆలస్యంగా వస్తున్నాయేమోనని వాండె ప్రతి నెలా నర్సు దగ్గరికి తీసుకుపోతుంది, నర్సు ఏమీ లేదంటుంది, వాండె మళ్ళీ నెల మళ్ళీ పోతుంది.

మీరు ఈ మాట గుర్తుపెట్టుకోండి. నోట్లో వెండిపన్ను ఉన్నవాళ్ళెవరైనా భయపడుతుంటే ఇది చెప్పండి. ఇంట్లో పెనం పెట్టేవాళ్ళకు మరీ మరీ చెప్పండి, మిలెంబెకు కూడా. పేరు మార్చి చెప్పనక్కర్లేదు. వాండె అనే చెప్పండి, ఆవలించిన సంగతి కూడా వదలకండి. ఆవిడే అలా చెప్పమంది.